వానమ్మ చెవి

గొడుగు తీసుకెళ్ళాలా వద్దా అని ఆ వీధిలో ఎవరికి అనుమానం వచ్చినా ముందు వానమ్మ ఇంటి వైపు ఓ చూపు చూసేవాళ్ళు. ఆవిడ ఆరేసిన బట్టలు తీగ మీదే ఊగుతుంటే ధైర్యంగా వెళ్ళిపోయేవాళ్ళు. తీగ ఖాళీగా ఉంటే గొణుక్కుంటూ వెనక్కి తిరిగి గొడుగు తెచ్చుకునేవాళ్ళు. రేడియోలో చెప్పేవాళ్ళు పొరపడ్డ రోజులున్నాయి గానీ ఆ బట్టల తీగ పొరపడ్డ రోజు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఆవిడేమీ చదువుకున్న మనిషి కాదు. మొగుడు పోయాక ఎనిమిదేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి, నీళ్ళ పంపుహౌసులో ఊడ్చే పనికి చేరింది. పంపుహౌసు వెనకాల రెండు గదులిచ్చారు. ఆ గదుల ముందు ఖాళీ జాగా, దాని మధ్యలో నడుమెత్తు తీగ కంచె, కంచె లోపల వాతావరణ ఆఫీసు వాళ్ళు పాతిన వాన డబ్బా. పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున్న సరిగ్గా ఎనిమిదిన్నరకి సీసా తీసి, అందులో పడ్డ నీళ్ళు గీతలున్న కొలగ్లాసులో పోసి, నీళ్ళు ఏ గీత దగ్గర నిలిచాయో కంటికి తిన్నగా పెట్టి చూసి, రిజిస్టర్లో రాయాలి. వాన పడకపోతే సున్నా రాయాలి. ఈ పని చేసే గుమాస్తా రిటైరయితే, ఆదివారాలు కూడా పొద్దున్నే రావాలనేసరికి మిగతావాళ్ళంతా తలా ఓ సాకు చెప్పి తప్పుకున్నారు. చివరికి ఊడ్చే ఆవిడ నెత్తిన పడింది.

ఇదీ ఒక పనేనా, ఎవరైనా చేస్తారు అని నవ్వినవాళ్ళు లేకపోలేదు. చెయ్యొచ్చు, ఎందుకు చెయ్యకూడదు? ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క పూట కూడా మానకుండా, జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళయినా, ఎనిమిదిన్నరకి ఆ కంచె దగ్గర నిలబడ్డవాళ్ళు ఇంకెవరున్నారో చెప్పమనండి చూద్దాం.

దానికి తోడు ఆవిడకి సొంత ముచ్చట ఒకటుండేది. ఇంటి కప్పు రేకులది. వాన రేకుల మీద పడుతుంటే చెవి అటు పడేసి వినేది. వాటికి పేర్లు కూడా పెట్టుకుంది. గొణుగుడు వాన, కోపం వాన, మొహమాటం వాన అని. పొద్దున్న సీసా తియ్యకముందే ఎంత పడి ఉంటుందో ఒక అంకె తన సొంత నోటుబుక్కులో పెన్సిల్తో రాసుకునేది. తర్వాత కొలిచి, అసలు అంకె పక్కన వేసుకునేది. పాతికేళ్ళ పాటు ఆ రెండు అంకెలూ కవల పిల్లల్లా పక్కపక్కనే ఉన్నాయి. ఒక మిల్లీమీటరు అటో ఇటో తేడా వస్తే ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు.

కొడుకు అద్దాలు బిగించే పని నేర్చుకున్నాడు. వీధి చివర చిన్న దుకాణం పెట్టుకున్నాడు. కిటికీలు, బీరువాలు, ఫొటో ఫ్రేములు, ఏ అద్దమైనా సరే కట్టర్ పెట్టి ఒక్క గీత గీసి టక్కున విరిచాడంటే దారంత తేడా ఉండదు. అద్దాలాయన కొలత అంటే మళ్ళీ కొలవక్కర్లేదని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. వాన మాత్రం అతనికి గిట్టదు. అద్దం అతికే లప్పం ఆరదు, తడి చేతిలో అద్దం జారుతుంది, బేరాలుండవు. "నీ చుట్టం వచ్చి నా లప్పమంతా పాడుచేసిందమ్మా" అని సణిగేవాడు. "చుట్టం నిన్నడిగి రావాలా ఏం?" అనేది తల్లి. చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి చూడరా, తూనీగలు కిందికి దిగాయి చూడరా అని పిలిచినప్పుడల్లా చేతిలో పనుందమ్మా అనేవాడు. నిజంగా పనుండేది కూడా. అబద్ధమాడాడని నేననను.

అలాంటి మనిషి చలికాలం చివర్లో నాలుగు రోజుల జ్వరంతో పోయింది. డెబ్బై నాలుగేళ్ళు. ఆఖరి పూట కూడా, ఎనిమిదిన్నర అయిందేమో చూడరా అంది. కొడుకు వెళ్ళి చూసొచ్చి సున్నా అని చెప్పాడు. సరే రాసెయ్ అంది. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు.

అద్దాలాయన ఏడవలేదు. అందరూ ఏడ్చారు, అతని భార్య వారం రోజులు ఏడ్చింది, అతను మాత్రం రాయిలా తిరిగాడు. మర్నాడు పొద్దున్న కాళ్ళు వాటంతటవే కంచె దగ్గరికి తీసుకెళ్ళాయి. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు, చెయ్యమనీ ఎవరూ చెప్పలేదు. సీసా తీశాడు, ఖాళీ, సున్నా రాశాడు. ఆ మర్నాడూ సున్నా. ఎండాకాలమంతా సున్నాలే. తల్లి పోయిన ఇంట్లో రోజూ పొద్దున్నే లేచి సున్నా రాయడమంటే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. 

అయితే కంచె దగ్గర నిలబడ్డ ఆ పది నిమిషాల్లో, తల్లి చూడమన్నవన్నీ ఒక్కొక్కటే కంటబడటం మొదలుపెట్టాయి. కంచె మూల గడ్డిలో ఒక పిట్ట గూడు పెట్టింది. ఎండకి నెర్రెలు విచ్చిన నేల మీద పేరు తెలియని మొక్కొకటి నాలుగాకులతో అలాగే పచ్చగా ఉంది, దానికి ఎవరు నీళ్ళు పోస్తున్నారో ఏమో. ఎండలు ముదిరాక ఒక రోజు చీమల బారు గోడెక్కుతూ కనిపించింది. ఒక్కో చీమ నోట్లో ఒక్కో తెల్ల గుడ్డు. అతను మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. చూడమని పిలవడానికి పక్కన మనిషి లేదు. ఇన్నాళ్ళూ అమ్మ పిలిచినప్పుడు రెండు నిమిషాలు వచ్చి ఉంటే ఏం పోయేది అనుకుంటే, తన మీద తనకే రోత పుట్టింది.

ఆ సాయంత్రమే మొదటి వాన పడింది. వారం తిరక్కుండా వాతావరణ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. లావుపాటి కళ్ళజోడు, చంకలో ఫైలు. పోయినావిడ గురించి రెండు మంచి మాటలు చెప్పి, టీ తాగి, ఫైలు విప్పాడు. చుట్టుపక్కల నాలుగు చోట్ల వాన డబ్బాలున్నాయట. ముప్పై ఒక్క ఏళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి పాతికేళ్ళూ వానమ్మ అంకెలు మిగతావాటితో చక్కగా కలిశాయి. ఆఖరి ఆరేళ్ళు మాత్రం ఇక్కడి వాన మిగతాచోట్ల కంటే ఐదోవంతు తక్కువ. పైన వాన, పక్కన వాన, మధ్యలో ఇక్కడ మాత్రం తక్కువేమిటి?

"వయసైపోయింది కదండీ," అన్నాడు కళ్ళజోడాయన మెల్లగా. "చూపు ఆని ఉండదు. బద్ధకమేసి ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి రాసినా రాసి ఉండొచ్చు. ఆవిడ్ని తప్పు పట్టట్లేదు. కానీ ఆ ఆరేళ్ళూ కొట్టెయ్యాలి. నమ్మదగనివి అని రాసి పక్కన పెట్టేస్తాం."

అద్దాలాయనకి ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ ఇంట్లో కూర్చుని అంకెలు రాస్తుందా, వాన డబ్బా కోసం కొడుకు పెళ్ళి పీటల దగ్గర్నుంచి లేచొచ్చిన మనిషండీ అని అరిచినంత పని చేశాడు. భార్య లోపల్నుంచి వచ్చి కళ్ళతోనే నెమ్మది అంది. కళ్ళజోడాయన నొచ్చుకోలేదు. సంచీలోంచి కొత్త కొలగ్లాసొకటి తీసి బల్ల మీద పెట్టి, ఈ వానాకాలం మీరే చూస్తే మంచిదే, నెల రోజుల్లో కాగితం పంపిస్తాను, ఈలోగా ఆవిడ తరఫున చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే ఆఫీసుకి రండి అని వెళ్ళిపోయాడు.

ముప్పై ఒక్క ఏళ్ళ చాకిరీకి మిగిలేది ఆ ఒక్క మాటా? నమ్మదగనివి. అద్దాలాయనకి ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. ఎలాగైనా ఆ మాట తుడిపించాలి. అమ్మ కోసం బతికుండగా చేసిందేమీ లేదు, ఇదైనా చెయ్యాలి అని పంతం పట్టాడు.

మర్నాడు పొద్దున్నకి మంచి వాన పడింది. సీసాలో నీళ్ళు ముందు ఎప్పుడూ వాడే గ్లాసులోనే పోశాడు. ఇరవై ఐదు. సరదాకి ఆ నీళ్ళే ఆఫీసాయన ఇచ్చిన కొత్త గ్లాసులో పోశాడు. ముప్పై ఒకటి. మళ్ళీ పాతదాంట్లో పోశాడు, ఇరవై ఐదే. అద్దాలాయన మొహం వెలిగిపోయింది. చూశావా, వాళ్ళ గ్లాసే తప్పు, ఐదోవంతు తేడా దాంట్లోనే ఉంది, గవర్నమెంటు సామాను ఇలాగే ఏడుస్తుంది అని భార్యని పిలిచి మరీ చూపించాడు. పాత గ్లాసు తప్పు కావడానికి వీల్లేదు, ఎందుకంటే దీన్ని చేసింది తను.

ఆ సంగతి చెప్పాలి మీకు. ఆరేళ్ళ కిందట ఆఫీసు వాళ్ళిచ్చిన మొదటి గ్లాసు వానమ్మ చేతిలోంచి జారి రెండు ముక్కలైంది. పగిలిందని ఆఫీసుకి రాయాలని రూలు. రాస్తే వయసైపోయిందని పని తీసేస్తారేమో అని ఆవిడ వణికిపోయింది. కొడుకు దుకాణంలోకి వచ్చి, కొంగులో మూటగట్టిన గాజుముక్కలు బల్ల మీద పెట్టి, దొంగతనం చేసినదానిలా నిలబడింది. "ఓస్, ఇంతేనా" అన్నాడు కొడుకు. ప్రయోగశాలలకి గాజు సామాను చేసే బట్టీకి వెళ్ళి, అదే లావున్న గొట్టం వెతికి తెచ్చాడు. పగిలిన రెండు ముక్కలూ అతికించి పక్కన పడుకోబెట్టి, ఒక్కో గీతా చూసి అచ్చంగా అలాగే సానరాయితో గీశాడు. రెండు రాత్రులు పట్టింది. తల్లి ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని కొడుకు తల నిమిరింది. అంత మురిపెంగా ఆవిడ తనని నిమరడం, చిన్నప్పటి తర్వాత అదేనేమో.

ఇప్పుడు తప్పు ఆఫీసు వాళ్ళదేనని రుజువు చెయ్యాలి కదా, దుకాణంలోంచి కాలిపర్ తెచ్చాడు. మందాలు కొలిచే పనిముట్టు అది. తను చేసిన గ్లాసు బయటి నుంచి కొలిచాడు, నలభై నాలుగు. కొత్త గ్లాసూ నలభై నాలుగే. రెండూ ఒకటే లావు, మరి నీళ్ళు వేరే గీత దగ్గర ఎందుకు ఆగుతున్నాయి? ఎందుకో వేలు పెట్టి కొత్త గ్లాసు అంచు తడిమాడు. తర్వాత తన గ్లాసు అంచు తడిమాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

కొత్త గ్లాసు గోడ మందం నాలుగు మిల్లీమీటర్లు. తన గ్లాసుది రెండు. లోపలి చోటు ఒకదానికి ముప్పై ఆరు, ఇంకోదానికి నలభై. అద్దాలు బిగించేవాడు జీవితమంతా కొలిచేది బయటి అంచునే. అద్దం ఫ్రేములో కూర్చోవాలంటే కావలసింది అదే. లోపల ఎంత చోటుందన్నది అతనికి ఎప్పుడూ అక్కర్లేకపోయింది. ఇక్కడ నీళ్ళు కూర్చునేది లోపల. గొట్టం వెడల్పయితే అవే నీళ్ళు కిందనే ఆగిపోతాయి. ఇంకే కంసాలో, చివరికి పాలు పోసే మనిషో అయినా ఈ గ్లాసు చేసి ఉంటే ముందు లోపలే చూసేవాడు. వంక పెట్టడానికి వీల్లేని కొలతల అద్దాలాయన చేశాడు కాబట్టి తప్పు జరిగింది.

అక్కడే కింద కూలబడ్డాడు. అమ్మ తప్పు రాయలేదు. ఆరేళ్ళ పాటు తప్పుడు గ్లాసు అమ్మ చేతికిచ్చింది తను.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకోటి. ఆ గ్లాసు చేసిచ్చాక పడ్డ మొదటి వాననాడు తల్లి దుకాణానికి వచ్చింది. వినడానికి ఇరవై ఐదనిపించిందిరా, గ్లాసులో ఇరవయ్యే వచ్చింది, గ్లాసు సరిగ్గానే ఉందంటావా అని అడిగింది. అతను పనిలో ఉన్నాడు. పైగా రోషమొచ్చింది.

"నేనెప్పుడైనా కొలత తప్పానా అమ్మా?" అన్నాడు.

ఆవిడ వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

పెట్టెలోంచి తల్లి నోటుబుక్కులు తీశాడు. పెన్సిల్ అంకెలు, పక్కన అసలు అంకెలు. పాతికేళ్ళ కవలలు తిప్పుకుంటూ ఆ ఆరేళ్ళ దగ్గరికొచ్చాడు. మొదటి ఏడంతా ఆవిడ విన్నది ఎక్కువ, గ్లాసు చూపించింది తక్కువ. ఇరవై ఐదు, ఇరవై. నలభై, ముప్పై రెండు. పక్కన వంకర అక్షరాలతో రాసుకుంది: చెవి మొద్దుబారింది. ఇంకో చోట: ముసలిదాన్నయ్యాను. రెండో ఏడూ అంతే. మూడో ఏట నుంచి పెన్సిల్ అంకెలు కొంచెం కొంచెంగా దిగడం మొదలుపెట్టాయి. నలభై అని విన్నచోట ముప్పై ఎనిమిది రాసింది, తర్వాత ముప్పై ఆరు, తర్వాత ముప్పై నాలుగు. తన చెవికి తనే కోత పెట్టుకుంది. ఆరో ఏడు వచ్చేసరికి రెండంకెలూ మళ్ళీ పక్కపక్కనే ఒకే మాట చెబుతున్నాయి.

ఆ ఆరో ఏడు అతనికి బాగా గుర్తు. ఒక పొద్దున్న తడి కాళ్ళతో దుకాణంలోకి వచ్చి, మళ్ళీ కుదిరిందిరా, నా చెవి మళ్ళీ దారికొచ్చింది అని చిన్నపిల్లలా నవ్వింది. అతనూ నవ్వాడు. పాపం అమ్మ, ఎంత సంబరం అనుకున్నాడు. బంగారంలాంటి చెవిని ఆరేళ్ళు కష్టపడి పాడుచేసుకుని, బాగుపడిందని సంబరపడిందని అప్పుడెవరికి తెలుసు? ఆకాశాన్ని అనుమానించింది, తన చెవిని అనుమానించింది. కొడుకుని మాత్రం అనుమానించలేదు.

భార్యకి చెప్పాడు. ఆమె ఆ నోటుబుక్కు తీసుకుని పేజీలు తిప్పింది. తర్వాత మెల్లగా అంది.

"అత్తయ్య ఒకసారి నన్నడిగారు. వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చిన ఏడు. నాకు మతి పోతోందా అమ్మాయ్ అని. వీధంతా మునిగింది, గ్లాసులో మాత్రం మామూలు వానే ఉంది, నేను చూసింది కలా నిజమా అని భయపడ్డారు. మీకు చెప్పొద్దన్నారు."

ఆ ఏడు అతనికీ గుర్తే. కాలువలు తీసేవాళ్ళని నడివీధిలో నిలబెట్టి తల్లి దులిపేసింది. పడింది డెబ్బై రెండే, దానికే వీధి మునిగిందంటే మీరు పూడిక తియ్యకపోబట్టే అని. నిజానికి పడింది ఎనభై తొమ్మిది. వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు, మొన్ననే తీశామమ్మా అని. ఆవిడ వినలేదు. ఆవిడ దగ్గర కొడుకు చేసిన గ్లాసుంది మరి.

ఇప్పుడు ఏం చెయ్యాలి? నోరు మూసుకుంటే ఆరేళ్ళూ నమ్మదగనివి అయిపోతాయి, తల్లి బద్ధకస్తురాలిగానో గుడ్డిదిగానో ఫైల్లో మిగిలిపోతుంది. నోరు విప్పితే గ్లాసు పగలగొట్టి దాచిందని, సొంత గ్లాసు వాడిందని తేలుతుంది. అలా రూలు తప్పిన మనిషి అంకెలని ఆ ఆరేళ్ళే కాదు, మొత్తం ముప్పై ఒక్క ఏళ్ళూ కొట్టేస్తే? చెయ్యి పెడితే ఉన్నది కూడా ఊడ్చుకుపోయేలా ఉంది. ఇవి కాక అద్దాలాయన కొలత తప్పాడని ఊరంతా తెలుస్తుంది. ఆ ముక్క కూడా అతని మనసులో లేదని అబద్ధం చెప్పను. ఉంది. రెండు రోజులు ముద్ద దిగలేదు.

మూడో రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి కంచె దగ్గరికి వెళ్ళాడు. తెల్లవారుజామున వాన పడి వెలిసింది. ఎండలో గోడెక్కిన చీమలు కిందికి దిగి తడి మట్టిలో కొత్త దారి వేసుకుంటున్నాయి. పేరు తెలియని ఆ మొక్కకి పదాకులొచ్చాయి. గూట్లో పిట్ట పిల్లలు నోళ్ళు తెరుచుకుని గోల చేస్తున్నాయి. ఎంత వాన పడిందో అంత వానే నేలకీ ఆకుకీ చీమకీ అందింది. మధ్యలో ఎవరి గ్లాసూ లేదు. వీటి మధ్యే ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డ మనిషికి ఏది నిజమో తెలియకుండా పోతుందా? తెలుసు. తెలిసి కూడా కొడుకు మాటే నమ్మింది. ఆవిడ కళ్ళతో లోకాన్ని చూడటం మొదలుపెట్టిన ఈ కొన్నాళ్ళలోనే, ఆవిడకి తను ఏం దూరం చేశాడో అతనికి అర్థమైంది. వాన మీద నమ్మకం దూరం చేశాడు. రెండు గ్లాసులూ గుడ్డలో చుట్టి, నోటుబుక్కులు సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

వాతావరణ ఆఫీసులో కళ్ళజోడాయన గది ఇరుకుగా, బీరువాల మధ్య ఉంది. అద్దాలాయన గ్లాసులు బల్ల మీద పెట్టి, దాచకుండా మొత్తం చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన మొహం వైపు చూడలేకపోయాడు. కళ్ళజోడాయన రెండు గ్లాసుల్లోనూ నీళ్ళు మార్చి మార్చి పోసి చూశాడు. లెక్క వేశాడు. ఎన్నిసార్లు పోసినా వందకి ఎనభై ఒకటి.

పగిలిందని చెప్పకపోవడం ఆవిడ తప్పేనండీ అన్నాడాయన, రూలు ప్రకారం రాయక తప్పదు.

"అదొక్కటీ ఆవిడ తప్పని రాయండి సార్," అన్నాడు అద్దాలాయన. "వాన తక్కువ రాయడం మాత్రం కొడుకు తప్పని రాయండి. మా అమ్మ సరిగ్గానే చూసింది. చూడటానికి ఇచ్చిందే తప్పు."

కళ్ళజోడాయన ఆ ఆరేళ్ళ కాగితాలు మళ్ళీ తిరగేశాడు. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంది కాబట్టి అంకెలు సరిదిద్దొచ్చు, కొట్టెయ్యక్కర్లేదు, కాకపోతే ఆ ఆరేళ్ళలో మొదటి రోజు నుంచీ ఇదే గ్లాసు వాడారని గట్టి రుజువు కావాలి అన్నాడు. అద్దాలాయన దగ్గర అలాంటి కాగితమేదీ లేదు. నోటుబుక్కులు ముందుకి తోశాడు. ఈ పెన్సిల్ అంకెలేమిటి అని అడిగాడాయన. చెవితో విని రాసుకున్నవి అని చెప్పాడు.

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాడు. నవ్వలేదు. మొదటి రెండేళ్ళ పెన్సిల్ అంకెలు, సరిదిద్దిన అంకెలు పక్కపక్కన వేసుకుంటూ పోయాడు. ఇరవైని సరిదిద్దితే ఇరవై ఐదు, పెన్సిల్ అంకె కూడా అదే. ముప్పై రెండుకి నలభై. పేజీ తర్వాత పేజీ, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మా దగ్గర యంత్రాలు కూడా ఇంత బాగా కలవవండీ అన్నాడు. ఆ పెన్సిల్ అంకెలనే రుజువుగా ఫైల్లో పెట్టాడు.

మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చున్నారు. అద్దాలాయన పాత అంకె చదవడం, ఆయన సరైన అంకె రాయడం. మూడేళ్ళు అయ్యాయి. నాలుగో ఏడు, వీధి మునిగిన ఏడు, మొత్తం కూడి ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి పాతికేళ్ళ మొత్తాలూ, మిగిలిన రెండేళ్ళవీ ఒకసారి చూసుకున్నాడు.

"ఆవిడ చూసిన అన్నేళ్ళలోకీ పెద్ద వానాకాలం ఇదేనండీ," అన్నాడు. "దీని దరిదాపుల్లో ఇంకోటి లేదు."

అద్దాలాయన నోటుబుక్కులో ఆ ఏడు ఆఖరి పేజీ తెరిచే ఉంది. అక్కడ తల్లి రాసుకున్నది అతను అప్పటిదాకా చదవలేదు. వానలు పల్చబడిపోతున్నాయి. చిన్నప్పటి వానలు ఇంక చూడను కాబోలు. వాడి పిల్లలకి వానంటే ఏమిటో తెలియకుండా పోతుందేమో.

తల్లి పోయిన దగ్గర్నుంచి రాని ఏడుపు, ఆ ఇరుకు గదిలో, పరాయి మనిషి ముందు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. తలుపు దగ్గరగా వేసి కళ్ళజోడాయన పక్క గదిలోకి వెళ్ళిపోయాడు, అంతకంటే మంచి పని ఆయన చెయ్యలేడు.

సాయంత్రం బస్సు దిగేసరికి ముసురు పట్టింది. నాలుగడుగులు వేసేసరికి వాన ఊపందుకుంది. జనం దుకాణాల చూరుల కిందికి పరిగెత్తారు, ఎవరో అద్దాలాయన్ని కూడా రమ్మని కేకేశారు. అతను ఆగలేదు. తడుస్తూనే పంపుహౌసు వెనక్కి వెళ్ళి కంచె దగ్గర నిలబడ్డాడు. రేకుల మీద ఒక చప్పుడు, గడ్డి మీద ఒక చప్పుడు, మట్టి మీద ఇంకో చప్పుడు. నలభై ఏళ్ళుగా చిరాకుపడ్డ వానలో ఇన్ని చప్పుళ్ళున్నాయని ఇవాళే విన్నాడు. కొంత తెలిసింది, చాలా తెలియలేదు. ఎంత పడిందో చెప్పమంటే అతను చెప్పలేడు. చెప్పగలిగిన మనిషి లేదు. ఆ మనిషి వానని అనుమానిస్తూ వెళ్ళిపోయింది, ఇంక ఏ ఆఫీసు ఎన్ని అంకెలు దిద్దినా ఆవిడకి అందదు. ఆ సంగతి తెలిసి కూడా, మొహం మీద నీళ్ళు కారుతుంటే, కంచె తీగ పట్టుకుని పైకి వినబడేలా అన్నాడు.

"వానలు తగ్గలేదమ్మా. ఎప్పట్లాగే పడ్డాయి. నీకు తక్కువ చేసి చూపించింది నేనే."